వాడుక నీరు

మా నూతి నీళ్లని ఎవరైనా ఒక్క మాట అంటే మా బావ ఊరుకోడు. బావంటే నా మొగుడే. మా మేనమామ కొడుకు. పెళ్లికి ముందు బావా అని పిలిచాను, పెళ్లయ్యాక మార్చుకోవడం నాకు చేతకాలేదు. పూండి దగ్గర మా ఊరు. ఊరు దాటాక కొబ్బరీ జీడీ కలిసిన తోట, తోటలో మా ఇల్లు, ఇంటి వెనక నుయ్యి. అది వాళ్ల తాత తవ్వించిన నుయ్యి. ఎవరొచ్చినా ముందు నీళ్లిచ్చి, వాళ్లు తాగేదాకా మొహంలోకి చూస్తూ నిలబడి, "ఎలాగున్నాయి?" అని అడుగుతాడు. బాగులేవని ఎవరంటారు? అందరూ బాగున్నాయనే అన్నారు. అది విని విని ఆయనకి ఆ నీళ్లంటే పిచ్చి ముదిరింది.

అదే తోటలో అవతలి సగం బావ అన్నయ్యది. పంపకాలయ్యాక వాళ్లు అక్కడ వేరే ఇల్లు కట్టుకుని బోరు వేయించుకున్నారు. ఆ అన్నయ్యకి కిడ్నీలు పోయాయి. చాన్నాళ్లు టెక్కలి తీసుకెళ్లి డయాలిసిస్ చేయించాం. తర్వాత ఆయన పోయాడు. ఇప్పుడా ఇంట్లో నా తోటికోడలు ఒక్కర్తే ఉంటుంది. మావైపు అక్కని అప్ప అంటాం, ఆవిణ్ణీ అప్ప అనే పిలుస్తాను.

ఈ జబ్బు గురించి మా ఉద్దానం ఊళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ వీధిలో అడిగినా ఫలానా ఇల్లని వేలు పెట్టి చూపిస్తారు. సంతకం పెట్టడం రాని ముసలమ్మలు కూడా పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని "నీకు క్రియాటిన్ ఎంతుందే?" అని అడుగుతారు. అన్నం ఎంత తిన్నావని అడిగినట్టే అడుగుతారు. నేను పలాసలో పిల్లలకి తెలుగు చెప్పే టీచర్ని. ఎక్కడెక్కడి మాటలకో మా క్లాసు పిల్లలకి అర్థం చెప్పాలి గానీ, ఈ ఒక్క మాటకి నేనెప్పుడూ అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు.

వాళ్లన్నయ్య పోయిన ఏడు బావకి కూడా పరీక్ష చేయించాను. రానంటే రానన్నాడు. నువ్వు రాకపోతే నేను అన్నం వండనన్నాను. నా మొండితనం ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి వచ్చాడు. కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో పెరిగే ఆ క్రియాటిన్ అంకె ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువుంది. ఇప్పుడే భయపడక్కర్లేదు, నొప్పి మాత్రలు మింగొద్దు, మిట్టమధ్యాహ్నం ఎండలో పని తగ్గించుకో, శుభ్రమైన నీళ్లు తాగు, కొన్ని నెలలు పోయాక మళ్లీ రా అని డాక్టరు చెప్పాడు. బావ ఇంటికొచ్చి చోడంబలి తాగి, తుండు దులుపుకుని తోటలోకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు. వాళ్లన్నయ్యకి కూడా మొదట్లో "కొంచెమే ఎక్కువ" అన్నారు.

ఇది ఎందుకొస్తుందో తేల్చి చెప్పినవాళ్లు లేరు. నీళ్లన్నారు, నేలన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు. ఎవరెవరో వచ్చి మా నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మా రక్తం కూడా పట్టుకెళ్లారు. తెలియకపోవడం వాళ్ల తప్పని నేనననుగానీ, నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎండని నేను ఆపలేను. నేలని మార్చలేను. తోటకి వెళ్లొద్దని బావతో చెప్పినా ఒకటే, కొబ్బరి చెట్టుతో చెప్పినా ఒకటే. ఇక నాకు మిగిలింది నీళ్లొక్కటే. తప్పు నీళ్లదే అని నాకు తెలియదు. కాదనీ తెలియదు. నీళ్లు నా చేతికి అందుతున్నాయి, అంతే. కాబట్టి నీళ్ల సంగతి నేను చూస్తాననుకున్నాను.

ఊళ్లోకి కుళాయిలు వచ్చాయి. తోటలో ఉన్న మా రెండిళ్లదాకా ఆ పైపు రాలేదు. క్యాన్లు తెప్పిద్దామంటే ఆటో మా ఇసక దారిలో దిగబడిపోతుంది, ఇంక మీ తోటకి రానని ఆటో అబ్బాయి దండం పెట్టేశాడు. అంతకుముందు ఒక కంపెనీ మిషను కొన్నాం. పేరెందుకులెండి. కొన్నప్పుడు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. మా వోల్టేజీకి అది ఒక్క వేసవి కూడా ఆగలేదు. బాగుచేసేవాడికి ఎప్పుడు ఫోన్ చేసినా "రేపొస్తానమ్మా" అనేవాడు. ఆ రేపు రాలేదు. మూత తెరిచి చూద్దామంటే తెరవడానికి వీల్లేకుండా సీలు వేశారు. అప్పుడే నాకొకటి తట్టింది. నేను విప్పి చూడగలిగేదే నా ఇంట్లో ఉండాలి. విడిభాగాలు కొని నేనే కట్టుకుంటే, పాడైనా ఎక్కడ పాడైందో నాకు తెలుస్తుంది.

ఈ మాట వినగానే బావ పడీ పడీ నవ్వాడు.

"సందులూ సమాసాలూ సెప్పుకునేదానివి, నీకెందుకే పైపులు?"

"సంధంటే ఏటనుకున్నావు బావా? రెండు ముక్కలు కలిత్తే మధ్యన కారకుండా ఉండడమే సంధి."

"అయితే కారితే?"

"కారితే మళ్లీ బిగిత్తాను."

స్కూలు వదిలాక కాశీబుగ్గ బజారులో పైపుల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నా వెనక చూశాడు, పక్కకి చూశాడు, "మీ ఇంటాయన రాలేదా అమ్మా?" అని అడిగాడు. మా ఇంటాయన నీళ్లు తాగుతాడు, మిషను నేను కడతానని చెప్పాను. ఆ తర్వాత ఆయన మరేమీ అడగకుండా నేను చెప్పినవన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడ లేనివి ఫోన్లో తెప్పించుకున్నాను. ఎలా కట్టాలో చూపించే వీడియోల్లో చాలావరకు హిందీవాళ్లు చేసినవే. నాకు హిందీ రాదు. వాళ్ల చేతులు చూస్తూ నేర్చుకున్నాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. నీళ్లు ముందు దారం చుట్టిన కడ్డీ ఉన్న గొట్టంలోకి వెళ్తాయి, ఇసకా మట్టీ అక్కడ ఆగుతాయి. తర్వాత బొగ్గు ఉన్న గొట్టంలోకి వెళ్తాయి, వాసన అక్కడ పోతుంది. అక్కణ్ణించి ఒక చిన్న పంపు వాటిని గట్టిగా తోసి మూడో గొట్టంలోకి పంపుతుంది. దాన్లో కాగితంలా చుట్టిన పొర ఉంటుంది. నీళ్లలో కరిగిపోయి కంటికి కనపడనివాటిని ఆపేది ఆ పొరే. దాని చివర రెండు పైపులుంటాయి. ఒకదాన్లోంచి శుభ్రమైన నీళ్లొస్తాయి. పొర దాటలేకపోయినవన్నీ రెండోదాన్లోంచి, మిగిలిన నీళ్లతో కలిసి బయటికి పోతాయి. ఈ రెండో పైపు సంగతి గుర్తుపెట్టుకోండి, నా కథంతా దాని దగ్గరే ఉంది.

పాత తలుపు తాలూకు పనస చెక్క ఒకటి ఉంటే, దాని మీద అన్నీ వరసగా బిగించి వంటింటి గోడకి దింపాను. మేకులు మాత్రం బావ కొట్టాడు. కొడుతూ కొడుతూ, ఇది గోడ మీంచి పడితే నా నెత్తి మీదే పడుతుందని సణిగాడు. నూతి మోటారు వేసి నీళ్లు వదిలాను. మొదటి జాయింటు దగ్గర నీళ్లు సర్రున చిమ్మి నా మొహమంతా తడిసిపోయింది. కారకుండా మరలకి చుట్టే తెల్ల టేపు నేను ఎడాపెడా చుట్టాను, బిగిస్తుంటే అది ఊడొచ్చేసింది. విప్పి, మర తిరిగే వైపే చుట్టి మళ్లీ బిగించాను. ఇంకోచోట కారింది. అదీ విప్పాను. చీర కుచ్చిళ్లు దోపుకుని, నెత్తి మీంచి నీళ్లు కారుతూ ఉన్న నన్ను చూసి బావ, "మాస్టారమ్మగారూ, సంధి కుదిరిందాండీ?" అని అడిగాడు. చేతిలో ఉన్న స్పానర్ని ఆయన మీదకి విసరకుండా ఆపుకున్నాను.

కారడాలన్నీ ఆగాక ఇంకో చిక్కొచ్చింది. శుభ్రమైన నీళ్ల పైపులోంచి చుక్క రాలేదు. మొత్తం రెండో పైపులోంచే బయటికి పోతున్నాయి. రెండు రోజులు దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పంపు మార్చాలేమో అనుకున్నాను, పొర తిరగేసి పెట్టానేమో అని తీసి చూశాను. చివరికి వీడియో మళ్లీ చూస్తుంటే, రెండో పైపులో ఆ హిందీ ఆయన వేలెడంత ముక్కొకటి పెట్టడం కనిపించింది. ఆ ముక్క దారిని ఇరుకు చేస్తుంది. దారి ఇరుకైతేనే లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు పొరలోంచి దూరతాయి. అడ్డు లేకపోతే కష్టపడి పొరలోంచి ఎందుకు వెళ్తాయి, సులువుగా బయటికే పోతాయి. ఆ ముక్క నా సంచి అడుగున కాగితంలో చుట్టి అలాగే ఉంది. కొట్టాయన ఏదో ఎగస్ట్రా ముక్క ఇచ్చాడనుకున్నాను!

అది పెట్టాక సన్నటి ధార వచ్చింది. మొదటిసారి నిండినవి పారబోశాను, రెండోసారివీ పారబోశాను. తర్వాత వచ్చినవాటిలో, కరిగినవాటిని అంకెలో చెప్పే చిన్న మీటరుని ముంచాను. నూతి నీళ్లలో ముంచినప్పుడు చూపించిన అంకెలో పదో వంతు కూడా చూపించలేదు. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. ముప్పై మందికి ఛందస్సు అర్థమైన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

బావకి గ్లాసుతో ఇచ్చాను. ఒక గుక్క తాగి మూతి ముడిచాడు.

"సప్పగా ఉంది. ఇవి నీల్లేటే? ఏదీ లేనట్టుంది."

"ఏదీ ఉండకూడదనే గదా సేసినాను."

"నీల్లన్నాక నీల్ల రుసుండాల గదా."

నాకు తెలుసు, నేను అటు తిరగగానే నూతిలో చేద వేస్తాడని. అందుకని చేదా తాడూ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. స్నానాల కుళాయి నీళ్లు మేడ మీద నల్ల ట్యాంకులో మరిగి ఉంటాయి, అవి ఆయన తాగడు. ఇంక వంటింట్లోకి రాక ఏం చేస్తాడు? మొదటి వారమంతా నా ఎదురుగా కషాయం తాగినట్టు తాగాడు. గ్లాసు ఎత్తడం, కళ్లు మూసుకోవడం, ఒక్క దమ్మున మింగి బయటికి వెళ్లిపోవడం. నాకు జాలి వేయలేదు. అలవాటైపోతుందిలే అనుకున్నాను.

ఇక్కడ రెండో పైపు మాట చెప్పాలి. మంచివి ఒక బిందె వచ్చేలోపు అటువైపు అంతకు రెండింతలు పోతాయి. నీళ్లు ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. వంటింటి గుమ్మం పక్కన నీలం డ్రమ్మొకటి పెట్టి ఆ పైపు దాన్లోకి వదిలాను. గిన్నెలు తోమడానికి, ఇల్లు కడగడానికి పనికొస్తాయని. దేనిలో ఏవి ఉన్నాయో తెలియాలి కదా. బడి గోడ మీద నినాదాలు రాయగా మిగిలిన రంగుంటే తెచ్చి, స్టీలు ట్యాంకు మీద "మంచినీరు" అనీ, నీలం డ్రమ్ము మీద "వాడుక నీరు" అనీ గుండ్రంగా, తలకట్లు తీర్చి రాశాను. నా రాత బాగుంటుందని ఊళ్లో పేరు. పెళ్లి పందిళ్లకి స్వాగతం బోర్డులు కూడా నాచేతే రాయిస్తారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి బావ మారాడు. ఒకరోజు తోటలోంచి వచ్చి మూతి తుడుచుకుంటూ, "నీ మిషను దారిలోకొచ్చినాదే. నీల్లకి రుసొచ్చినాది" అన్నాడు. నాకు ఏనుగెక్కినట్టయింది. చూశావా, నాలుక్కి అలవాటవ్వాలి గానీ అన్నాను. మర్నాడు స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. మా లెక్కల మేడమ్ అయితే తమ ఇంట్లో కూడా ఒకటి కట్టిపెట్టమని అడిగింది. తోటకి వెళ్తూ బాటిల్ నింపుకుంటున్నాడు, భోజనం దగ్గర చెంబు నింపుకుంటున్నాడు, గొణగడం లేదు, సణగడం లేదు. ఆ నెల్లాళ్లూ నేను హాయిగా నిద్రపోయాను.

ఒకరోజు వానకి స్కూలు మధ్యాహ్నమే వదిలేశారు. గొడుగు మడిచి గుమ్మంలో అడుగు పెడుతున్నాను. బావ నా వైపు వీపు పెట్టి, నీలం డ్రమ్ము మూత ఎత్తి, చెంబు నిండా ముంచి, గటగటా తాగుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు బావా!"

ఆ అరుపుకి ఆయన చేతిలో చెంబు ఒలికింది. "నీల్లు తాగుతన్నాను. నీల్లు తాగినా తప్పేటి?"

"ఆ డ్రమ్ములోయా?"

"వాడుక నీల్లు మరి. నువ్వే గదే రాసినావు."

ఆయనే చెప్పుకుపోయాడు. "వాడుక పాలంటే ఏటి? రోజూ పోయించుకునే పాలు. వాడుక కొట్టంటే రోజూ ఎల్లే కొట్టు. వాడుక నీరంటే మనం రోజూ తాగే నీరు గాదేటి? ఆ మంచినీరు స్టీలు దాంట్లో పోసి ముచ్చటగా పెట్టినావు. మంచి కంచాలు అటక మీద పెట్టినావు గదా సుట్టాలొత్తే తియ్యడానికి, అలాగే ఇవీ అనుకున్నాను."

నేను సంచీ అక్కడే పడేసి, సొరుగులోంచి మీటరు తెచ్చి, ఒక గిన్నెలో స్నానాల కుళాయి నీళ్లు, ఇంకో గిన్నెలో డ్రమ్ము నీళ్లు పోసి ఆయన ముందు పెట్టాను. ఆ కుళాయికి వచ్చేవి నూతి నీళ్లే. ముందు వాటిలో ముంచి చూపించాను. తర్వాత డ్రమ్మువాటిలో ముంచాను. అంకె చూసి బావ వంగి మళ్లీ చూశాడు.

"నూతి నీల్లకంటే ఎక్కువా?"

"నూతి నీల్లలో ఏది వద్దని తీసినానో అదంతా దీంట్లోనే ఉంది బావా. సిక్కబడిపోయుంది. నీకు రుసొచ్చింది అందుకే."

చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నూతిలో చేద కూడా తీసేసి, తలుపులన్నీ మూసి, ఈ మనిషిని తెచ్చి తెచ్చి ఆ డ్రమ్ము ముందు నిలబెట్టాను నేను. పైగా దాని మీద నా చేత్తో, తలకట్లు తీర్చి మరీ రాశాను. ఆ కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించాను. చదువుకున్నావు కదా, అడగడానికేం అన్నాను. మీ అన్నయ్యని చూశాక కూడా నీకు బుద్ధి రాలేదా అన్నాను. "నువ్వు పోతే నాను ఈ తోటలో ఒక్కదాన్నీ ఏటి సేయాల సెప్పు!" అని కూడా అన్నాను. అన్నేళ్ల కాపురంలో ఆయనతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అంత మాట పైకి అనుకునే ఇళ్లు కావు మావి.

బావ గుమ్మంలో కూలబడ్డాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"రాసింది సదివి తప్పనుకోలేదు నిజమే. గానీ ఆ డ్రమ్ములోయి ముంచుకున్నది సప్పదనం ఒక్కదానికే గాదే. ఆ గోడ కాడికెల్లి నిలబడలేకపోయినాను."

"ఏ గోడ?"

"ఆ మిషను గోడే. ఆ పైపులు, ఆ తెల్ల గొట్టం. టెక్కలిలో అన్నయ్య మంచం పక్కన అలాంటిదే ఉండేది. ఒక పైపులోంచి ఎల్లడం, ఒక పైపులోంచి రావడం. గర్రుమని సప్పుడు. నాను గ్లాసు పట్టుకుని ఆడకెల్తే అన్నయ్య కనిపిత్తన్నాడు. డ్రమ్ము గుమ్మం పక్కనుంది గదా. అటు సూడకుండా ముంచుకోవచ్చని..."

నేను ఆ డయాలిసిస్ గదిలోకి ఎప్పుడూ వెళ్లలేదు. టెక్కలి వెళ్లినన్ని సార్లూ నేను అప్పతో బయట బెంచీ మీద కూర్చునేదాన్ని, లోపల వాళ్లన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నది బావే. ఆ గదిలో ఏముంటుందో నాకు తెలియదు. తెలియకుండానే దాన్ని తెచ్చి ఆయన వంటింటి గోడకి తగిలించాను. ఆయన మొదటి వారం కళ్లు మూసుకుని తాగడం నాకు గుర్తొచ్చింది.

గుర్తొచ్చింది గానీ, పోనీలే పాపం నూతి నీళ్లే తాగు అని మాత్రం అనలేదు. జాలిపడి వదిలేసే మనిషిని కాను నేను. ఆయన పక్కనే కూర్చుని చెప్పాను. మిషను నీ కంటికి కనపడదు, దాని చప్పుడు నీకు వినపడదు, నీళ్లు మాత్రం అవే తాగాలి. ఒప్పుకుంటావా లేదా అని అడిగాను. తల ఊపాడు.

ఆ ఆదివారం పనస చెక్కని గోడ మీంచి దింపేశాను. కొబ్బరికాయలు పోసే కొట్టుగదిలో, కాయల రాశి వెనక మళ్లీ బిగించాను. ఈసారి మేకులు కూడా నేనే కొట్టుకున్నాను, బావని ఆ గదిలోకి రావద్దన్నాను. గోడకి కన్నం వేసి శుభ్రమైన నీళ్ల పైపు ఒక్కటే వంటింట్లోకి తెచ్చాను. దాని కింద స్టీలు ట్యాంకు బదులు కొత్త కుండ పెట్టి, మూతా గరిటా పెట్టాను. కుండలో ఒక పూట ఉంటే మట్టి వాసన పట్టి ఆ నీళ్లకి కొంచెం రుచి వస్తుంది. చూసేవాళ్లకి కుండా, దాని మీదకి చిన్న కుళాయీ తప్ప ఇంకేమీ కనపడదు. రెండో పైపుని డ్రమ్ముల జోలికి పోకుండా కిటికీలోంచి నేరుగా కొబ్బరిచెట్టు పాదులోకి వదిలేశాను. చెట్టు తాగితే తాగనీ, దానికి కిడ్నీలు లేవు.

మొదటిరోజు కుండలోంచి నీళ్లు తీసి ఆయన చేతికిచ్చి, ఆయన నూతి నీళ్ల కోసం చుట్టాల ముందు నిలబడినట్టే, మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. కళ్లు తెరిచే తాగాడు. బాగున్నాయని అనలేదు, బాగులేవనీ అనలేదు. ఇంకో గ్లాసు తాగి తోటకి వెళ్లిపోయాడు. నాకది చాలు.

దారపు కడ్డీ ఎప్పుడు పసుపెక్కుతుందో చూడటం, విప్పి మార్చడం, కరెంటు వచ్చీపోయీ ఉన్న రోజుల్లో పంపుని ఆపేయడం, ఇవన్నీ నా పనులయ్యాయి. పలాస వెళ్లే రోజు ముందుగానే ఆయన బాటిళ్లు నింపి గుమ్మంలో పెట్టేదాన్ని. తోటలోకి నా అంతట నేనే వెళ్లి ఖాళీ అయ్యాయో లేదో చూసేదాన్ని. పోలీసు కాపలా అని ఊళ్లోవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. అప్పని కూడా అడిగాను, నీ ఇంట్లోనూ ఒకటి కడతానని. "కావల్సినోడే పోనాడు, నాకెందుకమ్మా నీల్ల మిషను" అంది. ఆవిడ బోరు నీళ్లే తాగుతూ వచ్చింది. రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నాను.

మళ్లీ పరీక్షకి టెక్కలి వెళ్లే రోజొచ్చింది. బస్సులో బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను చేతుల్లో చేతులు బిగించుకుని కూర్చున్నాను. రక్తం ఇచ్చి, టీ తాగి, కాయితం వచ్చేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఒక నెలరోజులు ఆ డ్రమ్ములోవి తాగాడే అన్నదే నా బెంగ. అంకె పెరిగితే అది నా మిషను చేసిందే అవుతుంది.

డాక్టరు కాయితం చూసి, "పోయినసారి ఎంతుందో అంతే ఉంది. పెరగలేదు" అన్నాడు.

పెరగలేదు. మావైపు ఇంతకంటే మంచి మాట లేదు. నేను కుర్చీ అంచుకి జరిగి, "నీళ్లు మార్చామండీ, దానివల్లేనా?" అని అడిగాను. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అలా చెప్పలేనమ్మా, కావచ్చు, కాకపోవచ్చు, మీరు చేస్తున్నది మాత్రం మానొద్దు అన్నాడు. మానే ఉద్దేశం నాకు లేదని చెప్పాను. ఆయన నవ్వాడు.

బయటికొస్తూ బావ వరండాలో ఆగిపోయాడు. ఎదురుగా డయాలిసిస్ గది తలుపు తెరిచుంది. వాళ్లన్నయ్య పోయాక ఆ వైపు కన్నెత్తి చూడని మనిషి. పద బావా అన్నాను. కదల్లేదు. లోపల మంచాలు, మంచాల పక్కన మిషన్లు, పైపులు. పైపులు పెట్టిన చేతిని కదపకుండా పడుకున్న ఒక పెద్దాయన మా వైపు చూశాడు. బావ ఆయనకి దండం పెట్టాడు. ఆయన రెండో చెయ్యి ఎత్తాడు. అప్పుడు వచ్చాడు నాతో.

బస్సులో కూర్చున్నాక అడిగాడు. "నీ మిషను అప్పుడే ఉంటే అన్నయ్య బతికేవోడేటే?"

అవునని చెప్పి ఆయన్ని కోయలేను. కాదని చెప్పి ఓదార్చలేను. "తెల్దు బావా" అన్నాను.

"తెలీకుండానే ఇంత సేసినావు."

"తెలిసేదాకా ఎవరు కూకుంటారు?"

మా ఊరికి ఆటో ఎక్కాల్సిన చోట బస్సు ఆగింది. నేను సంచీ తీసుకుని లేచాను. బావ లేవలేదు.

"కూకో. కాశీబుగ్గ దాకా పోదాం."

"అక్కడేటుంది?"

"నీ పైపుల కొట్టు. వదినకి ఒకటి కట్టాల."

"అప్ప వద్దంది గదా."

"నాను సెప్తాను. నాను సెప్తే ఇంటాది."

కండక్టరు దిగుతారా దిగరా అని కేకేశాడు. వెనక ఉన్నవాళ్లు నన్ను తోసుకుని దిగుతున్నారు. "నీకు ఆ పైపులు సూత్తే..." అని ఆగాను.

"సూడకపోతే ఎలాగే? నువ్వు బిగించు. నాను పట్టుకుంటాను."

నేను కూర్చున్నాను.